అమృత్‌సర్ లంగర్: ఒక పెళ్లి వంటల మేస్త్రీ సమీక్ష

కోనసీమలో పెళ్లిళ్లకూ సంతర్పణలకూ వంటలు చేయించడం నా వృత్తి. గాడిపొయ్యి తవ్వించడం మొదలుకొని ఆఖరి బంతి లేచేదాకా నిలబడి చూసుకునే పని ఇది. అందుకే ఎక్కడికి భోజనానికి వెళ్లినా నా చూపు ముందు పొయ్యి మీదికీ, వడ్డన మీదికీ, అంట్లు తోమేచోటికీ పోతుంది. అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలోని లంగర్‌ను కూడా అలాగే చూశాను. రుచి సంగతి, ఏర్పాట్ల సంగతి, వెళ్లేవారికి పనికొచ్చే సంగతులు అన్నీ చెబుతాను. అయితే ఇంత పొడుగున రాయాలనిపించడానికి అసలు కారణం వేరు. అక్కడ తిన్నవాళ్లే వెళ్లి చపాతీలు వత్తుతారు, వండినవాళ్లే పళ్లాలు తోముతారు. ఆ పనిలో పడి ముక్కూ మొహం తెలియనివాళ్లు పూట గడవకముందే కావలసినవాళ్లు అయిపోతారు. మన విందుల్లో ఒకప్పుడు ఉండి ఇప్పుడు కరవైపోయినది అదే.

లంగర్ గురించి విననివారి కోసం నాలుగు మాటలు. వచ్చినవారు ఎవరైనా సరే, ఊరూ పేరూ అడగకుండా గురుద్వారాలో, అంటే సిక్కుల గుడిలో, అన్నం పెట్టే ఏర్పాటు అది. గురునానక్ (1469–1539) కుర్రతనంలో, వ్యాపారం చేసుకు రమ్మని తండ్రి ఇచ్చిన 20 రూపాయలతో ఆకలిగా ఉన్న సాధువులకు భోజనం పెట్టి, ఇంతకన్నా నిఖార్సయిన బేరం ఏముందని అన్నాడట. సిక్కులు ఈ కథను ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆయన కర్తార్‌పూర్‌లో స్థిరపడ్డాక అక్కడ వేళ్లూనుకున్న ఈ ఆచారాన్ని రెండో గురువు అంగద్ దేవ్ కాలంలో ఆయన భార్య మాతా ఖీవీ దగ్గరుండి నడిపింది. ఆమె పెట్టించిన నేతి పాయసం ప్రస్తావన సాక్షాత్తూ గురు గ్రంథ సాహిబ్‌లోనే ఉంది. ఒక ఇల్లాలి పాయసానికి పవిత్ర గ్రంథంలో చోటు దొరికిందంటే, గరిటె పట్టి బతికే నాలాంటివాడికి ఎంత ఆనందమో మాటల్లో చెప్పలేను. మూడో గురువు అమర్‌దాస్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ముందు అందరితో పాటు బంతిలో కూర్చుని తిను, ఆ తరువాతే దర్శనం అన్నాడు. గోయింద్‌వాల్ వచ్చిన అక్బర్ పాదుషా కూడా నేల మీద కూర్చుని తిన్నాకే ఆయనను కలుసుకున్నాడని చెబుతారు.

మన దగ్గర బంతి భోజనాలు లేవా అంటే ఉన్నాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండిపెట్టిన నేల మాది. కానీ మా తాతగారి రోజుల్లో సంతర్పణ అంటే కులానికో బంతి. ఎవరు ముందు తినాలో, ఎవరు లోపల కూర్చోవాలో, ఎవరు పెరట్లో ఆగాలో ఊరందరికీ తెలుసు. ఆ కట్టుబాటును నాలుగు వందల యాభై ఏళ్ల కిందటే నేల మీద చాప పరిచి తోసిపుచ్చినవారి వంటిల్లు చూడాలని నాకు చాలా కాలంగా ఉంది.

గుడికి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు. చెప్పులు అప్పగించి, తలకు గుడ్డ చుట్టుకుని, వాకిట్లో పారుతున్న నీటిలో కాళ్లు తడుపుకుని లోపలికి వెళ్లాలి. భోజనశాల పేరు గురు రామ్‌దాస్ లంగర్ హాలు. లోపలికి నడుస్తుండగానే స్టీలు పళ్లెం, గిన్నె, చెంచా ఒకరి తరువాత ఒకరు చేతిలో పెడతారు. ఆగకుండా నడుస్తూనే అందుకోవాలి. హాలంతా పొడుగాటి పట్టాలు పరిచి ఉంటాయి. ముందు వచ్చినవారు ముందు వరుసలో. ముఖ్యమైనవారికని విడిగా ఒక మూల, ఒక బల్ల నాకు ఎక్కడా కనిపించలేదు.

వడ్డన గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎంత బాగా వండినా వడ్డన చెడితే విందు చెడినట్టేనని మా గురువు గారు అనేవారు. అక్కడ పప్పు బకెట్టు పట్టుకున్న కుర్రవాడు నడక ఆపడు. ఒక అడుగు, ఒక గరిటె, పళ్లెంలో సరిగ్గా తన గడిలోనే పడుతుంది. వాడి వెనక కూర, కూర వెనక పాయసం, ఆ వెనక చక్రాల బండి మీద నీళ్లు. ‘దాలా జీ, దాలా జీ’ అంటూ పప్పువాళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటారు. మారు అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. రొట్టెను మాత్రం పళ్లెంలో వేయరు. రెండు చేతులూ దోసిలిగా చాచాలి, పైనుంచి అందులో వేస్తారు. నా కుడి పక్కన రిక్షా తొక్కే ముసలాయన, ఎడమ పక్కన మెడలో కెమెరా ఉన్న విదేశీ అమ్మాయి. ఆ పిల్ల ఒంటి చేయి చాచింది. రొట్టెలవాడు ఏమీ అనకుండా చిరునవ్వుతో ఆగాడు. ముసలాయన నా మీదుగా ముందుకు వంగి, తన రెండు అరచేతులూ కలిపి చూపించాడు. ఆ పిల్ల అలాగే పట్టింది. వేడి రొట్టె చేతిలో పడగానే ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. నా సర్వీసులో ఎన్నో బంతులు వడ్డించాను. కోటీశ్వరుడైనా కూలివాడైనా ఒకేలా దోసిలి పట్టే బంతిని మాత్రం ఇక్కడే చూశాను.

ఇక రుచి. పప్పుకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. పొట్టు తీయని మినుములు, శనగపప్పు కలిపి సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికించినది. మనం మినుములను గారెలకూ సున్నుండలకూ ఇడ్లీ పిండికీ వాడతాం. ఇలా గుండ్లుగా ఉడికించి, మెత్తబడి పాలలా చిక్కబడేదాకా ఓపిక పట్టడం మనవాళ్లలో అరుదు. అల్లం రుచి తెలుస్తుంది, నెయ్యి తెలుస్తుంది, గరంమసాలా హడావుడి లేదు. కూర ఆ పూటకు ఏది దొరికితే అది. నేను తిన్నప్పుడు బంగాళాదుంప, బఠానీ. బాగుంది, అంతకుమించి చెప్పడానికి లేదు. పాయసం చిక్కగా, తీపి ఒక పాలు ఎక్కువగా ఉంటుంది. రొట్టెలు కొన్ని యంత్రం మీద వస్తాయి, కొన్ని చేతితో వత్తినవి. చేతివి మెత్తగా పొరలు విడుతాయి, నాకు అవే నచ్చాయి. గోదావరి జిల్లాల కారానికి అలవాటుపడ్డ నాలుకకు మొత్తం భోజనం సాత్వికంగా అనిపిస్తుంది. పసిపిల్లల దగ్గర నుంచి పళ్లు లేని ముసలివాళ్ల దాకా అందరూ తినాలంటే ఉప్పూకారాలు అలాగే ఉండాలి. వంటవాడిగా దాన్ని నేను గౌరవిస్తాను.

గుడి దగ్గర ఇచ్చే కడాహ్ ప్రసాదం విడిగా రుచి చూడండి. గోధుమపిండి, నెయ్యి, పంచదార మూడూ సమానంగా తూచి చేసేది. మన అన్నవరం ప్రసాదం తిని పెరిగినవాళ్లకు గోధుమ, నెయ్యి కలిసిన ఆ వాసన కొత్తగా తోచదు. అక్కడ నూక, ఇక్కడ పిండి, అంతే తేడా. పిండిని నేతిలో ఎర్రగా వేయించడంలో వాళ్ల చేయి తిరిగినతనం తెలుస్తుంది. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పచ్చివాసనో మాడు వాసనో రావాలి. రెండూ లేవు.

రోజుకు 50 వేల మందికి తక్కువ కాకుండా తింటారనీ, పండగ రోజుల్లో లక్ష దాటుతుందనీ లెక్క చెబుతారు. రాత్రీ పగలూ పొయ్యి ఆరదు. నిలువెత్తు మనిషి దిగి నిలబడగలిగే గుండిగలు, పడవ తెడ్డంత గరిటెలు. వెయ్యి మందికి వండాలంటే మూడు రోజుల ముందు నుంచే నాకు నిద్ర పట్టదు. అలాంటిది ఇక్కడ పెత్తనం చేస్తూ అరిచే మనిషి కనబడలేదు. జీతానికి చేసే సేవాదారులు కొంతమంది ఉన్నారు, సరుకులూ పొయ్యిలూ వాళ్ల చేతిలో. మిగిలిన చేతులన్నీ నా మాదిరిగా ఆ పూటకు వచ్చినవాళ్లవే.

టీ గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే అక్కడ నాకు ఎక్కువ మంది పరిచయమైంది టీ దగ్గరే. తెల్లవారుజామున గురు గ్రంథ సాహిబ్‌ను ఎదుటే ఉన్న అకాల్ తఖ్త్ భవనం నుంచి పల్లకిలో గుడిలోకి తీసుకువెళ్లే వేళకే జనం నిండిపోతారు. కోనేట్లో మునిగి, చలికి వణుకుతూ వచ్చినవాళ్లంతా టీ ఇచ్చేచోట చేరతారు. పాలూ పంచదారా దండిగా వేసి మరగబెట్టిన టీని గ్లాసులో కాకుండా స్టీలు గిన్నెలో పోస్తారు. నిండుగా పోస్తారు, బాగా కాలుతుంది. ఆ గిన్నెను రెండు చేతులతోనే పట్టుకోవాలి, కాబట్టి ఫోను జేబులోంచి బయటికి రాదు. నేల మీద కూర్చుని ఊదుకుంటూ తాగేసరికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట పక్కవాడితో మాట్లాడకుండా ఎవరు కూర్చోగలరు!

గురుదాస్‌పూర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, ‘ఏ ఊరు, ఏం పంట?’ అని మొదలుపెట్టారు. నాకు వచ్చిన హిందీలో కోనసీమ గురించి చెప్పాను. సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండు వరి పంటలు పండిస్తామంటే ఆయన గిన్నె కింద పెట్టేశారు. నీళ్లు ఎంత లోతున ఉంటాయని అడిగారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, అప్పటి నుంచీ కాలువ నీళ్లే చేలకు వస్తాయనీ చెప్పాను. ఆయన తండ్రి కాలంలో చేత్తో తోడేంత పైన ఉన్న నీరు ఇప్పుడు ఎంత లోతుకు బోరు వేస్తే అందుతోందో ఆయన చెబుతుంటే నాకు దిగులేసింది. పంజాబులో భూగర్భజలం అడుగంటిపోతోందని పేపర్లో చదవడం వేరు, వరి నాటిన చేతులు టీ గిన్నె పట్టుకుని చెబితే వినడం వేరు. లేచేటప్పుడు నా గిన్నె కూడా ఆయనే తీసుకుని కడగడానికి వెళ్లారు. వద్దంటే వినలేదు.

ఎవరూ రమ్మని పిలవరు, కానీ పనిచేయడానికి ఎవరైనా కూర్చోవచ్చు. మా ఆవిడ తిన్నగా చపాతీలు వత్తే ఆడవాళ్ల మధ్యకు వెళ్లిపోయింది. తనది పూరీలు వత్తే చెయ్యి, చిన్నగా గుండ్రంగా వత్తుతుంది. పక్కనున్న పెద్దావిడ తన అప్పడాల కర్ర ఆపి, ఈవిడ చేతి మీద చేయి వేసి, అంచులకు ఎక్కడ బరువు వేయాలో చూపించింది. ఒకరికి పంజాబీ తప్ప రాదు, ఇంకొకరికి తెలుగు తప్ప రాదు. గంట తరువాత వెళ్లి చూస్తే ఇద్దరూ పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఎలా అర్థమైందో మా ఆవిడను అడిగితే, ఆవిడకు ఇద్దరు కొడుకులు, చిన్నవాడికి ఇంకా సంబంధం కుదరలేదు అని ఖచ్చితంగా చెప్పింది.

నేను వెల్లుల్లి దగ్గర కూర్చున్నాను. గుట్టలుగా పోసిన వెల్లుల్లి చుట్టూ పాతికమంది. నా ఎదురుగా లూధియానా లారీ డ్రైవరు ఒకాయన. నాది అంబాజీపేట దగ్గరని తెలియగానే ఆయన మొహం వెలిగిపోయింది. కొబ్బరికాయల లోడు కోసం అంబాజీపేట వచ్చేవాడినని, లోడు ఆలస్యమైతే రావులపాలెం దగ్గర లారీ ఆపి రొట్టెలు కాల్చుకునేవాళ్లమని చెప్పాడు. అక్కడ ఒక టీకొట్టు అవ్వ గోధుమపిండి అయిపోయిన రోజున అన్నం, పచ్చడి పెట్టి డబ్బు పుచ్చుకోలేదట. ఆ పచ్చడి పేరు ఆయనకు తెలియదు. పుల్లగా, ఆకు పచ్చడి, నూనె పైకి తేలుతూ ఉంటుందన్నాడు. గోంగూర అన్నాను. ఆ పేరును రెండు మూడుసార్లు పలికి చూసుకున్నాడు. అప్పటి నుంచి నన్ను ‘చాచాజీ’ అనే పిలిచాడు. వెల్లుల్లి ఘాటు గోళ్లలోంచి మర్నాటికి గానీ పోలేదు.

అంట్లు తోమేచోటు చూడకుండా తిరిగి రావద్దు. దగ్గరికి రాకముందే ఆ చప్పుడు వినబడుతుంది, వేల స్టీలు పళ్లాలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు. ముందు ఎంగిలి దులిపేవారు, తరువాత వరుసగా తొట్లు. ఒక తొట్టిలో తోమిన పళ్లెం ఇంకో తొట్టికి, అక్కడి నుంచి మరో తొట్టికి పోతుంది. వెళ్లి నిలబడితే పక్కవారు కొంచెం జరిగి చోటిస్తారు. నా పక్కన చేతికి ఖరీదైన గడియారం ఉన్న కుర్రవాడు, దాన్ని విప్పి జేబులో వేసుకుని, మోచేతుల దాకా బూడిదరంగు నీళ్లలో ముంచాడు. విందుల్లో ఎంగిలి పళ్లెం ముట్టుకునేవాడు ఎప్పుడూ ఒక కులంవాడే, ఒక తరగతివాడే. మా పనిలో ఇది నేను రోజూ చూసే నిజం. వండే మేస్త్రీకి శాలువా కప్పుతారు, అంట్లు తోమే ఆడమనిషి తిన్నదో లేదో అడిగేవారు ఉండరు. ఇక్కడ తొట్టి దగ్గర చోటు కోసం జనం ఎదురుచూస్తున్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు బైఠాయించినప్పుడు సింఘూ దగ్గర రోడ్డు మీదే లంగర్లు వెలిశాయి. అంతమందికి అంత త్వరగా ఎలా వండగలిగారా అని అప్పట్లో మేం వంటవాళ్లం చర్చించుకున్నాం. అమృత్‌సర్‌లో జవాబు దొరికింది. పాఠశాల పిల్లల దగ్గర నుంచి ప్రతివారికీ పిండి కలపడం, వడ్డించడం, తోమడం చిన్నప్పుడే చేతికి అలవాటై ఉంటుంది. ఎక్కడ నలుగురు చేరితే అక్కడ వంటిల్లు దానంతటదే లేస్తుంది.

మా వైపు కూడా పెళ్లికి ముందురోజు రాత్రి ఊళ్లో ఆడవాళ్లంతా కత్తిపీటలు పట్టుకుని వచ్చేవారు. పనసపొట్టు కొట్టేవారు కొందరు, కంద చెక్కేవారు కొందరు, బూరెలకు పూర్ణం ఉండలు చుట్టేవారు కొందరు. మాట పడని తోడికోడళ్లు కూడా ఆ రాత్రి ఒకే చేట ముందు కూర్చోక తప్పేది కాదు. కుర్రవాళ్లు తువ్వాలు నడుముకు చుట్టి వడ్డనకు దిగేవారు. ఇప్పుడు కూరగాయలు తరిగి సంచుల్లో వస్తున్నాయి, వడ్డనకు యూనిఫాం వేసుకున్న పిల్లలు వస్తున్నారు, లేదంటే పళ్లెం పట్టుకుని నిలబడి తినడం. వంటకాల సంఖ్య నలభై దాటింది. పక్కవాడి పేరు తెలియకుండానే తిని వెళ్లిపోతున్నారు. ఈ మార్పుతో నా సంపాదన పెరిగింది, అయినా చెబుతున్నాను: ఆ కత్తిపీటల రాత్రి పోవడం విందుకు పెద్ద నష్టం. పెళ్లి చేసేవారు ఎవరైనా ఒక్క వంటకమైనా బంధువుల చేతికి వదిలేస్తామంటే, పనసపొట్టు కొట్టడం నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

వెళ్లేవారికి కొన్ని సంగతులు. భోజనానికి డబ్బు అడగరు. ఇవ్వాలనుకుంటే హుండీలో వేయవచ్చు. సిక్కులు తమ రాబడిలో పదోవంతు ఇలాంటి పనులకు ఇవ్వాలని వాళ్ల నియమం, పిండీ పప్పూ నెయ్యీ దాని మీదే నడుస్తాయి. మధ్యాహ్నం రద్దీ ఎక్కువ, ఆదివారం మరీ ఎక్కువ. తీరిగ్గా చూడాలంటే రాత్రి పొద్దుపోయాక గానీ తెల్లవారుజామున గానీ వెళ్లండి. మోకాళ్లు ఇబ్బంది పెట్టేవారు గోడ పక్క వరుస చూసుకుంటే లేవడం తేలిక. పెట్టించుకున్నది వదిలేయకండి. తిన్నాక కనీసం ఒక గంట వెల్లుల్లి దగ్గరో తొట్టి దగ్గరో కూర్చోండి. అది చేయకుండా వచ్చేస్తే భోజనంలో సగమే తిన్నట్టు.

అంత దూరం వెళ్లలేనివారికి మహారాష్ట్రలోని నాందేడ్ ఉంది. 1708లో గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన చోటు అది. తెలంగాణ సరిహద్దుకు దగ్గర, బాసర వెళ్లినవారు అలా ముందుకు వెళ్లి రావచ్చు. అక్కడా లంగర్ ఉంది. నేనైతే నాందేడ్ నుంచి అమృత్‌సర్ వెళ్లే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌నే సిఫారసు చేస్తాను. దాదాపు 2,000 కిలోమీటర్ల దారి. ఉదయం పూట ఎక్కితే మర్నాడు రాత్రికి చేరుస్తుంది. దారిలో కొన్ని స్టేషన్లలో సేవాదారులు బకెట్లతో పరుగున వచ్చి స్లీపరు, ఏసీ తేడా లేకుండా పెట్టెపెట్టెకూ పప్పు, అన్నం, కూర, రొట్టెలు పెడతారు. బండి ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి పెట్టెలో ఉన్నవాళ్లే ఒకరి గిన్నెలు ఒకరు అందుకుని నింపించి వెనక్కి పంపుకుంటారు. వడ్డించడానికి విస్తళ్లు గానీ పళ్లాలు గానీ వాళ్లు తీసుకురారు. ఇంటి దగ్గరే మూత ఉన్న గిన్నెలు రెండు, ఒక గ్లాసు సంచిలో పెట్టుకోండి. పక్క సీటువారు తెచ్చుకోకపోతే ఇవ్వడానికి ఇంకొకటి ఎక్కువ పెట్టుకుంటే మరీ మంచిది.